మూగజీవుల వైద్యుడు ఆర్నాల్డ్ థైలర్

పశువు గడ్డి తింటుంది. గడ్డి నేలను తిని పెరుగుతుంది. నేలలో ఏ లోపముంటే ఆ లోపం గడ్డిలోకీ, గడ్డినుండి పశువు దేహంలోకీ ప్రవహిస్తుంది. ఈ సత్యం నేడు వ్యవసాయ విద్యార్థులందరికీ తెలిసినదే. కాని నూరేళ్ళకు పూర్వం దక్షిణాఫ్రికా పచ్చిక బయళ్ళలో ఆవులు ఎండిన ఎముకలను వెదకి వెదకి నములుతుంటే, శాకాహారియైన జంతువుకు ఈ విపరీతబుద్ధి ఎందుకు పుట్టిందో వివరించగలిగినవారు అరుదు. ఎముకలు నమిలిన ఆవులలో అనేకం కొద్ది దినాలకే కాళ్ళు పడిపోయి మరణించేవి. వేలాది కుటుంబాల జీవనాధారాన్ని హరించిన ఆ వ్యాధికి మూలం మట్టిలో ఉన్నదని నిరూపించి, దాని నివారణకు సులభమైన మార్గాన్ని చూపిన మహనీయుడు సర్ ఆర్నాల్డ్ థైలర్. పశువైద్య శాస్త్ర చరిత్రలో ఆయన స్థానం చిరస్మరణీయమైనది.

థైలర్ 1867 మార్చి 26వ తేదీన స్విట్జర్లాండు దేశంలోని ఫ్రిక్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఉపాధ్యాయుడు. కొండలు, పచ్చిక మైదానాలు, పాడి పశువులు నిండిన ఆ పరిసరాలలో పెరిగిన బాలునికి ప్రకృతి పరిశీలన సహజంగానే అబ్బింది. మొక్కలను, కీటకాలను సేకరించడంలోనూ, జంతువుల స్వభావాన్ని గమనించడంలోనూ ఆయనకు ఆసక్తి మెండు. ఆ ఆసక్తియే ఆయనను పశువైద్య విద్యవైపు నడిపించింది. స్వదేశంలోనే ఆ విద్యను ముగించి పట్టా పొందాడు. కొంతకాలం అక్కడే వైద్యం చేశాడు. కాని చిన్న ఊరిలో, పరిమితమైన వృత్తిలో ఆయన మనస్సు నిలువలేదు. దూరదేశాలలో తన విద్యకు విస్తృతమైన క్షేత్రం లభిస్తుందన్న ఆశతో 1891లో, ఇరవైనాలుగేళ్ళ వయస్సులో, దక్షిణాఫ్రికాకు ప్రయాణమయ్యాడు.

ఆనాటి ట్రాన్స్‌వాల్ రాజ్యంలో పశుపాలనమే ప్రజలకు ప్రధాన జీవనాధారం. బంగారు గనులు వెలసినప్పటికీ, గనులకు యంత్రాలను చేర్చేవి, పట్టణాలకు ధాన్యాన్ని మోసేవి ఎడ్లబండ్లే. అయినా విద్యావంతుడైన పశువైద్యుని అవసరాన్ని ప్రజలు ఇంకా గుర్తించలేదు. ప్రిటోరియా నగరంలో థైలర్ నెలకొల్పిన వైద్యశాలకు వచ్చేవారు స్వల్పం. పొట్ట గడవడమే కష్టమై, ఆయన సమీపంలోని ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో ఉద్యోగానికి కుదిరాడు. అక్కడ ఘోరమైన ప్రమాదం సంభవించింది. మేతను ముక్కలుగా కోసే యంత్రంలో చిక్కి ఆయన ఒక చేతిని పోగొట్టుకొన్నాడు. పశువైద్యునికి చేతులే పనిముట్లు. బంధుమిత్రులు లేని పరదేశంలో, యౌవనారంభంలో, చేయి కోల్పోయిన మనిషికి నిరాశ కలగడం సహజం. కాని థైలర్ స్వదేశానికి మరలిపోలేదు. ఒంటి చేతితోనే శస్త్రచికిత్స చేయడం, సూక్ష్మదర్శినిని సవరించుకోవడం, గుర్రపు కళ్ళెం పట్టడం అభ్యసించాడు. అనంతర కాలంలో ఆయన సాధించిన విజయాలన్నీ ఆ ఒంటి చేతితో సాధించినవే.

1893లో జొహానెస్‌బర్గ్ ప్రాంతంలో మశూచి వ్యాపించింది. గనులలో పనిచేసే శ్రామికులు కిక్కిరిసిన వసతులలో నివసించడంచేత ఆ వ్యాధి వారిలో ప్రబలే ప్రమాదం ఏర్పడింది. టీకా మందు దూరదేశాలనుండి రావలసి ఉండగా, థైలర్ కోడెదూడలను ఉపయోగించి స్థానికంగానే టీకా పదార్థాన్ని తయారుచేశాడు. ఆ కృషి ఆయనకు తొలిసారిగా ప్రభుత్వ గుర్తింపును సంపాదించి పెట్టింది. అదే సంవత్సరంలో స్విట్జర్లాండు నుండి వచ్చిన ఎమ్మాను వివాహమాడాడు. పేదరికంలోనూ, నిరంతర ప్రయాణాలలోనూ ఆమె ఆయనకు తోడునీడగా నిలిచింది.

1896లో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగాన్ని రిండర్‌పెస్ట్ అనే పశువుల మహామారి ముంచెత్తింది. ఉత్తరం నుండి జాంబెజీ నదిని దాటి వచ్చిన ఆ వ్యాధి మందలకు మందలను తుడిచిపెట్టింది. దారి పొడుగునా పశువుల కళేబరాలు పడి ఉండేవి. బండ్లు లాగే ఎడ్లు లేక రవాణా స్తంభించింది. పశువులే సర్వస్వంగా బతికే ఆఫ్రికా తెగల ప్రజలు తిండికీ, సేద్యానికీ ఆధారం లేక విలవిలలాడారు. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వ పశువైద్యునిగా నియమితుడైన థైలర్, నేటాల్ ప్రాంతానికి చెందిన వాట్కిన్స్-పిచ్‌ఫర్డ్ అనే పశువైద్యునితో కలిసి వ్యాధి నిరోధానికి పూనుకొన్నాడు. వ్యాధి సోకి కోలుకొన్న పశువుల రక్తరసిని ఆరోగ్యవంతమైన పశువులకు ఎక్కించి రక్షణ కల్పించే పద్ధతిపై వారిరువురూ పరిశోధనలు సాగించారు. ఆ మహామారి 2011 నాటికి భూమండలం మీదనుండి పూర్తిగా నిర్మూలితమైనట్లు ప్రపంచ సంస్థలు ప్రకటించాయి. ఆ సుదీర్ఘ పోరాటపు తొలి అధ్యాయాలలో థైలర్ కృషి కూడా ఒకటి.

1899లో ఆంగ్లేయులకూ, బోయర్లకూ యుద్ధం ప్రారంభమైంది. థైలర్ బోయర్ల సైన్యంలో గుర్రాల వైద్యునిగా పనిచేశాడు. 1902లో యుద్ధం ముగిసి దేశం ఆంగ్లేయుల పాలనలోకి వచ్చింది. ఓడిన పక్షంలో పనిచేసినప్పటికీ, ఆయన ప్రతిభను ఎరిగిన నూతన ప్రభుత్వం ఆయనను వదులుకోలేదు. యుద్ధంలో నశించిన పశుసంపదను భర్తీ చేయడానికి తూర్పు ఆఫ్రికా తీరంనుండి పశువులను దిగుమతి చేసుకొన్నప్పుడు, వాటితోపాటు ఒక కొత్త జ్వరం దేశంలో ప్రవేశించింది. అది పూర్వంనుండి అక్కడ ఉన్న మరొక జ్వరమేనని పలువురు భ్రమపడ్డారు. జర్మనీ దేశపు సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ సైతం ఆ విషయంలో పొరబడ్డాడు. థైలర్ రెండు వ్యాధులూ వేరువేరని వివేచించి, కొత్త జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని 1904లో స్పష్టంగా గుర్తించాడు. పిడుదుల ద్వారా వ్యాపించే ఆ జాతి సూక్ష్మజీవులకు తరువాత ఆయన పేరిటనే థైలేరియా అని నామకరణం జరిగింది. ఆ జాతికి చెందిన వేరొక జీవి మన దేశంలో సంకరజాతి ఆవులకు ప్రాణాంతకమైన జ్వరాన్ని కలిగిస్తుంది. మన పశువైద్యులు ఆ జ్వరాన్ని థైలేరియాసిస్ అని పిలిచిన ప్రతిసారీ ఈ శాస్త్రజ్ఞుని పేరు స్మరించినట్లే.

పరిశోధనలకు తగిన వసతి లేకుండా వ్యాధులను జయించడం అసాధ్యమని థైలర్ గ్రహించాడు. ఆయన పట్టుదల ఫలితంగా ప్రిటోరియాకు ఉత్తరాన ఓండర్‌స్టెపూర్ట్ అనే చోట 1908లో ఒక గొప్ప పరిశోధనాలయం వెలసింది. గుర్రాలను వేల సంఖ్యలో కబళించే ఆఫ్రికా గుర్రపు వ్యాధి, గొర్రెలను పీడించే నీలినాలుక వ్యాధి మున్నగువానికి అక్కడ టీకాల తయారీ ప్రారంభమైంది. క్రమంగా ఆ సంస్థ ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. 1914లో ఆంగ్ల ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదాన్ని ప్రదానం చేసింది. సామాన్య మానవుడు ఇంతటితో తృప్తి చెంది ఉండేవాడు. కాని థైలర్ జీవితంలో అత్యంత క్లిష్టమైన సమస్య అప్పటికీ పరిష్కారం కాకుండానే నిలిచి ఉంది. ఆ సమస్య పేరు లామ్‌సీక్టె.

ఆ దేశపు వాడుక భాషలో లామ్‌సీక్టె అనగా కాళ్ళు పడిపోయే జబ్బు అని అర్థం. ముందుగా పశువు నడక తడబడుతుంది. పిమ్మట అది కూలబడి లేవలేకపోతుంది. నాలుక, దవడలు పట్టు తప్పుతాయి. నోట మేత ఉన్నా నమలలేదు, నీరు ఎదుట ఉన్నా మింగలేదు. చివరకు శ్వాస ఆడక మరణిస్తుంది. చనిపోయిన పశువును కోసి చూచినా లోపల చెప్పుకోదగిన మార్పు ఏదీ కనిపించదు. జ్వరం ఉండదు. ఒక పశువునుండి మరొక పశువుకు అంటుకొన్న దాఖలా లేదు. కాని కొన్ని ప్రాంతాలలో, కొన్ని ఋతువులలో, ముఖ్యంగా వానలు లేని కాలంలో, మందలోని మేలైన ఆవులే వరుసగా నేలకొరిగేవి. ఎదుగుతున్న పెయ్యలు, చూడి ఆవులు, పాలిచ్చే ఆవులు దీనికి ఎక్కువగా బలియయ్యేవి. వట్టిపోయిన ముసలి పశువుకంటె పాడి ఆవుకే ప్రాణభయం ఎక్కువ కావడం రైతులకు అంతుబట్టని విషయం.

ఈ వ్యాధిని గురించి ఎన్నో ఊహాగానాలు ప్రచారంలో ఉండేవి. విషపు మొక్కలే కారణమని అధికసంఖ్యాకులు నమ్మేవారు. కేప్ రాష్ట్ర పశువైద్యాధికారి డంకన్ హచియన్ మాత్రం 19వ శతాబ్ది చివరి దశకాలలోనే వేరొక మార్గంలో ఆలోచించాడు. ఆ ప్రాంతపు గడ్డిలో ఎముకల పుష్టికి అవసరమైన లవణాలు లోపించి ఉండవచ్చుననీ, పశువులకు ఎముకల పొడి తినిపించడం మేలు చేయగలదనీ ఆయన సూచించాడు. ఆ సూచన సరియైనదే. అయితే లవణాల లోపానికీ, హఠాత్తుగా కాళ్ళు పడిపోవడానికీ సంబంధమేమిటో ఆయన చూపలేకపోయాడు. లవణం లోపిస్తే పశువు క్రమంగా చిక్కిపోవాలి కాని, నిన్నటివరకు మేసిన ఆవు నేడు కూలిపోవడమేమిటన్న ప్రశ్నకు సమాధానం లభించలేదు. అందువల్ల ఆయన సూచన నలుగురి ఆమోదాన్నీ పొందలేకపోయింది.

థైలర్ కూడా తొలుత పొరబడినవారిలో ఒకడే. ఆయన సైతం ఏదో మొక్కలోని విషం పశువు దేహంలో మెల్లమెల్లగా పేరుకొని ప్రాణం తీస్తున్నదని భావించి, ఆ అభిప్రాయాన్ని 1912 ప్రాంతంలో తన నివేదికలలో వెల్లడించాడు. వ్యాధి తీవ్రంగా ఉన్న ఫ్రైబర్గ్ పట్టణ సమీపంలోని ఒక క్షేత్రాన్ని ప్రభుత్వం పరిశోధనలకై కేటాయించింది. దాని పేరు ఆర్మూడ్స్‌వ్లాక్టె. ఆ పదానికి దారిద్ర్యపు మైదానమని అర్థం. పూర్వం ఆ నేలకు ఆ పేరు ఎవరు పెట్టారో కాని, అది అక్షరాలా సార్థకమైనది. ఆ క్షేత్రంలో ఏపుగా ఎదిగిన గడ్డి కనుచూపు మేర అలలాడుతూ ఉండేది. కడుపునిండ మేసిన పశువులు మాత్రం బలం పుంజుకొనేవి కావు. అక్కడ మొలిచే మొక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించినా విషపు మొక్క జాడ దొరకలేదు. సంవత్సరాలు గడిచినా రహస్యం విడిపడలేదు.

1919లో థైలర్ తన శక్తియుక్తులన్నింటినీ ఈ ఒక్క సమస్య మీద కేంద్రీకరించాడు. తాను గతంలో ప్రకటించిన అభిప్రాయాన్ని పట్టుకొని వేలాడక, సమస్యను మొదటినుండి పరిశీలించాడు. అప్పుడు ఆయన దృష్టి, రైతులు అనాదిగా చూస్తూ ఉపేక్షించిన ఒక దృశ్యం మీద నిలిచింది. మైదానంలో పడి ఉన్న ఎముకలను ఆవులు ఆబగా నమిలేవి. ఎండి తెల్లబడిన ఎముకలతో తృప్తి చెందక, కొన్ని పశువులు ఇంకా మాంసం అంటి ఉన్న కుళ్ళిన ఎముకలను సైతం నోట కరుచుకొనేవి. వ్యాధికి బలియయ్యేవి ఇవేనేమో అన్న అనుమానం ఆయనకు కలిగింది. ఆ అనుమానాన్ని ప్రయోగంతో పరీక్షించాడు. కుళ్ళిన కళేబరాల ఎముకలను, వాటి శేషాలను పశువులకు తినిపించి చూశాడు. అవి అచ్చంగా లామ్‌సీక్టె లక్షణాలతోనే కూలిపోయాయి. శుభ్రపరచి పొడిచేసిన ఎముకలు తిన్న పశువులకు ఏ హానీ కలగలేదు. పైగా అవి బలం పుంజుకొన్నాయి. ఎన్నో ఏళ్ళుగా వేధించిన చిక్కుముడి అక్కడ వీడింది.

కుళ్ళిన ఎముకలలోని విషం ఎక్కడిదన్నది తరువాతి ప్రశ్న. థైలర్ సహచరుడు రాబిన్సన్ ఆ కళేబరాలనుండి విషాన్ని ఉత్పత్తిచేసే సూక్ష్మజీవిని వేరుచేశాడు. అది బొటులిజం అనే విషాహార వ్యాధిని కలిగించే జాతికి చెందినది. ఈ జీవి సాధారణంగా మట్టిలోనే నిద్రాణస్థితిలో ఉంటుంది. పశువు చనిపోయి కళేబరం కుళ్ళుతున్నప్పుడు, గాలి సోకని ఆ లోపలి భాగాలలో వృద్ధిపొంది, నరాలను స్తంభింపజేసే భయంకర విషాన్ని పుట్టిస్తుంది. ఆ విషం ఎముకలకు అంటుకొని చాలాకాలం నిలుస్తుంది. దానిని నాకిన పశువు పక్షవాతంతో మరణిస్తుంది. మరణించిన పశువు కళేబరం అదే మైదానంలో మరొక విషపాత్రగా మారుతుంది. ఒక మరణం పది మరణాలకు బీజమవుతుంది. రైతులు కళేబరాలను పూడ్చక, కాల్చక బయలులో వదలివేసే అలవాటు ఈ విషవలయాన్ని నిరంతరంగా తిప్పుతూ వచ్చింది.

ఇంతవరకు ఇది సూక్ష్మజీవుల కథ. కాని ఆవు ఎముకను ఎందుకు నమిలింది అన్న మూలప్రశ్నను థైలర్ విడువలేదు. హెన్రీ గ్రీన్ అనే రసాయన శాస్త్రజ్ఞుని సహాయంతో ఆయన అక్కడి మట్టిని, గడ్డిని, పశువుల ఆహారాన్ని విశ్లేషింపజేశాడు. అన్నింటా భాస్వరం లోపించినట్లు తేలింది. పశువు దేహంలోని భాస్వరంలో సుమారు 80 శాతం ఎముకలలోనూ, దంతాలలోనూ ఉంటుంది. మిగిలినది రక్తంలోనూ, కండరాలలోనూ, ప్రతి జీవకణంలోనూ ఉండి, శక్తి వినియోగానికి తోడ్పడుతుంది. ఎదిగే పెయ్యకు ఎముకలు పెరగాలి. చూడి ఆవు కడుపులోని దూడకు ఎముకలు ఏర్పడాలి. పాడి ఆవు పాల ద్వారా భాస్వరాన్ని దినదినమూ వెలికి పంపుతుంది. అందువల్లనే వీటికి ఆ లవణపు అవసరం ఎక్కువ. వానకాలపు లేతగడ్డిలో కొంత భాస్వరం ఉన్నా, గడ్డి ముదిరి ఎండిన కొద్దీ అది క్షీణిస్తుంది. అందుకే ఎండుకాలంలో వ్యాధి విజృంభించేది. మేలైన ఆవులే ముందుగా చావడానికి కారణం, వాటి దేహం నుండి ఆ లవణం ఎక్కువగా వ్యయం కావడమే. ఎముకలకోసం పశువు పడే ఆరాటం విపరీతబుద్ధి కాదని, దేహంలో లోపించిన లవణం కోసం సహజంగా కలిగిన ఆకలియని ఆయన గ్రహించాడు.

ఈ విధంగా మట్టి, గడ్డి, ఆకలి, ఎముక, విషం, మరణం ఒక గొలుసులోని కడియాలవలె ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. హచియన్ ఈ గొలుసు తొలి కడియాన్ని చూశాడు. విషాన్ని వెదకినవారు చివరి కడియాన్ని చూశారు. మొదటినుండి చివరి వరకు గొలుసును పట్టి చూపినవాడు థైలర్. ఏ కడియాన్ని ఛేదించినా వ్యాధి ఆగిపోతుంది. విషానికి విరుగుడు కనుగొనడం కష్టం. అంతులేని మైదానాలకు భాస్వరపు ఎరువు చల్లడం రైతు శక్తికి మించిన వ్యయం. సులభంగా తెగే కడియం ఆకలి. రోజూ కొద్దిపాటి ఎముకల పొడిని పశువుకు అందిస్తే దాని ఆకలి తీరుతుంది. కుళ్ళిన ఎముకల జోలికి అది పోదు. దానికి తోడు కళేబరాలను ఏరి దహిస్తే విషపు మూలమే నశిస్తుంది. ఏ ఎముక మృత్యువును తెచ్చిందో, ఆ ఎముకయే శుద్ధిపొంది ఔషధమైంది.

ఈ చికిత్సలో వ్యాధి నివారణతోపాటు ఊహించని మరొక లాభం బయటపడింది. ఆర్మూడ్స్‌వ్లాక్టెలో ఒకే మైదానంలో మేసే పశువులను రెండు భాగాలుగా విభజించి, ఒక భాగానికి మాత్రమే ఎముకల పొడిని అందించారు. కొద్దికాలానికే రెండింటి మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. ఎముకల పొడి తిన్న పశువులు ఎత్తుగా, బరువుగా, నిగనిగలాడే వెంట్రుకలతో ఎదిగాయి. పాల దిగుబడి హెచ్చింది. అన్నింటికంటె ముఖ్యమైనది సంతాన వృద్ధి. ఎముకల పొడి ఎరుగని మందలో నూటికి 51 ఆవులు మాత్రమే ఈనగా, దానిని తిన్న మందలో నూటికి 80 ఈనినట్లు 1928లో ప్రకటించిన ఫలితాలు తెలిపాయి. అంతవరకు రైతులు అనావృష్టినీ, జాతి హీనతనూ నిందించిన అనేక లోపాలకు భాస్వరపు కొరతయే హేతువని స్పష్టమైంది. థైలర్, గ్రీన్, డు టాయిట్ మువ్వురూ కలిసి పశుపరిశ్రమలో భాస్వరపు ప్రాధాన్యాన్ని వివరిస్తూ 1924లో ప్రకటించిన వ్యాసం, ఆ రంగంలో మార్గదర్శకంగా నిలిచింది.

ఈ పరిశోధన నేలను గురించి కూడా ఒక గంభీరమైన పాఠాన్ని బోధించింది. మైదానంలో మేసిన పశువును అమ్మినప్పుడు రైతు మాంసాన్నీ, పాలనూ మాత్రమే అమ్ముతున్నానని తలచేవాడు. నిజానికి ఆ పశువు ఎముకలలో నిక్షిప్తమైన తన నేలలోని భాస్వరాన్ని కూడా అతడు అమ్ముతున్నాడు. పేడ రూపంలో కొంత నేలకు తిరిగి చేరినా, ఎముకల రూపంలో పోయినది మరలి రాదు. పురాతన శిలలు శిథిలమై ఏర్పడి, యుగయుగాల వానలకు కడుగబడిన నేలలో అసలే ఉన్నది స్వల్పం. తీసుకోవడమే తప్ప ఇవ్వడం ఎరుగని సేద్యం నేలను నానాటికీ బీదగా మారుస్తుంది. పశువుకు అందించిన లవణంలో కొంత భాగం దాని పేడతో నేలకు చేరుతుంది. పశువుకు చేసిన ఉపకారం ఈ విధంగా నేలకూ ఉపకరిస్తుంది. కాని నేలకు పూర్తి పుష్టి కలగాలంటే ఎరువుల ద్వారా భాస్వరాన్ని విడిగా అందించవలసిందే.

థైలర్ చూపిన బాటలో ఇతర దేశాల శాస్త్రజ్ఞులూ నడిచారు. ఆస్ట్రేలియాలో పచ్చని మైదానాలలో మేస్తూనే గొర్రెలు కృశించి చనిపోవడానికి, నేలలో కోబాల్టు అనే లోహపు లేశమాత్రపు కొరత కారణమని 1935లో అక్కడి పరిశోధకులు కనుగొన్నారు. రాగి, అయొడిన్, సెలీనియం వంటి మూలకాల లోపాలు కూడా ఒక్కొక్కటిగా వెలుగు చూశాయి. ఈ పరిశోధనలలో ఒక హెచ్చరిక కూడా ఇమిడి ఉంది. లవణం లోపించినచోట అది అమృతం. ఉన్నచోట అధికంగా ఇస్తే విషం. గొర్రెలకు రాగి, పశువులన్నింటికీ సెలీనియం ఇందుకు ఉదాహరణలు. నేలను, మేతను పరీక్షించి, కొరత ఏదో తెలుసుకొని, తగిన మోతాదులో అందించడమే శాస్త్రీయ విధానం.

ఎముకల పొడి విషయంలో కూడా కాలక్రమేణ మార్పు వచ్చింది. సరిగా శుద్ధి చేయని పొడి వ్యాధులను వ్యాపింపజేస్తుందన్న సంగతి అనుభవంలో తేలింది. 1986లో ఆంగ్లదేశంలో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి, పశువుల మాంసం, ఎముకలతో చేసిన దాణా ద్వారా ప్రబలిందని నిర్ధారణ కావడంతో, అనేక దేశాలు అటువంటి దాణాను నెమరువేసే పశువులకు పెట్టడాన్ని నిషేధించాయి. నేడు భాస్వరపు గనులలోని శిలలనుండి శుద్ధిచేసిన డైకాల్షియం ఫాస్ఫేట్ వంటి లవణాలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. పదార్థం మారింది కాని, థైలర్ స్థాపించిన సూత్రం మారలేదు.

థైలర్ గొప్ప పరిశోధకుడే కాక గొప్ప గురువు. 1920లో ఓండర్‌స్టెపూర్ట్‌లో పశువైద్య కళాశాల ఏర్పడినప్పుడు ఆయనే దానికి తొలి అధిపతి. అంతకుముందు ఆ దేశపు యువకులు పశువైద్య విద్యకై సముద్రాలు దాటవలసి వచ్చేది. ఆయన సంతానం కూడా విజ్ఞానశాస్త్ర సేవలోనే తరించారు. కుమార్తె గెర్ట్రూడ్ పిడుదులపై పరిశోధనలు చేసి పేరు గడించింది. కడగొట్టు కుమారుడు మాక్స్ థైలర్, మానవులను పీడించే పచ్చజ్వరానికి టీకాను రూపొందించి 1951లో నోబెల్ బహుమతిని అందుకొన్నాడు. తండ్రి పశువుల వ్యాధులతో పోరాడగా, తనయుడు మానవుల వ్యాధితో పోరాడి గెలిచాడు.

1927లో థైలర్ పదవీ విరమణ చేశాడు. సంస్థ నిర్వహణ బాధ్యతలు ఆయన శిష్యసహచరుడు డు టాయిట్ స్వీకరించాడు. విశ్రాంతి కోరవలసిన వయస్సులో కూడా థైలర్ సూక్ష్మదర్శినిని విడువలేదు. లవణాల లోపంవల్ల పశువుల ఎముకలలో కలిగే మార్పులను గురించి శ్రద్ధగా అధ్యయనం చేసి గ్రంథ రచన సాగించాడు. ఆవు నమిలిన ఎముకతో ఆరంభమైన ఆ జిజ్ఞాస ఆయన తుది శ్వాస వరకు కొనసాగింది. 1936 జూలై 24న లండను నగరంలో ఆయన కన్నుమూశాడు. ఆయన స్థాపించిన పరిశోధనాలయ ప్రాంగణంలో ప్రతిష్ఠించిన విగ్రహం ఆయన సేవలకు కృతజ్ఞతా చిహ్నంగా నేటికీ నిలిచి ఉంది.

మన తెలుగు నాట కూడా పశువులు మట్టిని నాకడం, పాత గుడ్డలనూ, ఎముకలనూ నమలడం రైతులకు పరిచితమైన దృశ్యమే. ఈనిన తరువాత కొద్ది వారాలలో కొన్ని గేదెలకు మూత్రం ఎర్రగా పోసి, రక్తహీనత కలిగి, ప్రాణం మీదికి వస్తుంది. దానికి ప్రధాన హేతువు భాస్వరపు కొరతయని పశువైద్యులు చెబుతారు. దాణాలో ఖనిజ లవణ మిశ్రమాన్ని కలపమనీ, పశువుల పాకలో లవణపు ఇటుకను వేలాడదీయమనీ వారు చేసే సూచనలకు వెనుక, దారిద్ర్యపు మైదానంలో సాగిన ఆ సుదీర్ఘ పరిశోధన ఉంది. ఎండు చొప్పతో, ఎండిన బీళ్ళతో కాలం గడిపే పశువుకు కడుపు నిండినంత మాత్రాన ఆకలి తీరినట్లు కాదు.

మూగజీవికి తన బాధను చెప్పుకొనే భాష లేదు. అది చేసే వింత చేష్టయే దాని భాష. దానిని చూచి చీదరించుకొనేవారు, కొట్టి తరిమేవారు అనేకులు. ఆ చేష్టకు అర్థమేమిటని ఓర్పుతో విచారించినవాడు ఆర్నాల్డ్ థైలర్. తాను ఒకనాడు ప్రకటించిన అభిప్రాయం తప్పని తెలిసినప్పుడు దానిని విడనాడే నిజాయితీ, ఒక చేయి పోయినా సడలని పూనిక ఆయనకు ఆ సత్యాన్ని దర్శింపజేశాయి. నేల ఆరోగ్యమే పశువు ఆరోగ్యమనీ, పశువు ఆరోగ్యమే రైతు సౌభాగ్యమనీ నిరూపించిన ఆ శాస్త్రజ్ఞుని జీవితం విద్యార్థులకు సదా ఆదర్శప్రాయం.